సముద్రానికి దక్కాల్సిన గోదారి

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల వరద తర్వాత ఆ ఊరు అంత నీటిని చూడలేదు. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేసి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. కోనసీమ లంకలు మునిగాయి, జనం పడవల మీద గట్టు చేరారు. వరద తీశాక ఏటా వినిపించే లెక్కే మళ్లీ వినిపించింది: ఇన్ని వందల టీఎంసీలు వృథాగా సముద్రం పాలయ్యాయి.

ఈ మాట అనని పార్టీ లేదు, రాయని పత్రిక లేదు. బోరు ఎండిపోయి ఆకాశం వైపు చూసే మెట్ట రైతు అంటే తప్పుపట్టలేం కూడా. అయితే ఆ లెక్క గట్టు మీద నిలబడి వేసింది. సముద్రం వైపు నుంచి వేస్తే మొత్తం తారుమారవుతుంది. గోదావరి మోసుకెళ్లే మంచినీటి మీద, ఒండ్రు మీద, అందులో కరిగిన లవణాల మీద బంగాళాఖాతపు పశ్చిమ తీరంలో రొయ్య నుంచి తాబేలు దాకా ఎన్నో జీవాలు ఆధారపడి ఉన్నాయి. సముద్రానికి మనిషి చేసే హాని అనగానే ఒలికిన చమురు, తేలే ప్లాస్టిక్ గుర్తొస్తాయి. అవి కంటికి కనిపిస్తాయి. నదిని ఎక్కడో మహారాష్ట్రలో, తెలంగాణలో ఆపడం వల్ల కాకినాడ దగ్గర సముద్రానికి ఏం జరుగుతుందో కంటికి కనిపించదు.

నది నీటిలో నత్రజని, భాస్వరంతో పాటు సిలికా కూడా కరిగి ఉంటుంది. కొండరాళ్లు ఎండకు పగిలి, వానకు అరిగి వచ్చే పదార్థం అది. సముద్రంలో డయాటములనే ఏకకణ శైవలాలు ఆ సిలికాతోనే చుట్టూ గాజు పెంకు కట్టుకుంటాయి. వాటిని కంటికి ఆనని సూక్ష్మజీవులు తింటాయి, ఆ జీవులను కవళ్లు, నెత్తళ్లు తింటాయి, వాటిని పెద్ద చేపలు తింటాయి. కొత్త నీరు సముద్రంలో పడ్డాక వల బరువెక్కడం వెనుక ఈ గొలుసుంది.

ఆనకట్ట కడితే నీరు నిలుస్తుంది. నిలిచిన నీటిలో డయాటములు అక్కడే పెరిగి, చచ్చి, సిలికాతో సహా జలాశయం అడుక్కి చేరతాయి. సముద్రానికి సిలికా తగ్గిపోతుంది. పొలాల ఎరువు నుంచి వచ్చే నత్రజని మాత్రం దిగువన మళ్లీ కలుస్తూనే ఉంటుంది. దీని ఫలితం ఎలా ఉంటుందో ఐరోపా చూసింది. డాన్యూబ్ నది మీద 1970ల మొదట్లో ఐరన్ గేట్స్ ఆనకట్ట కట్టారు. నల్ల సముద్రానికి చేరే సిలికా బాగా పడిపోయిందనీ, డయాటముల చోటును పెంకు అవసరంలేని వేరే శైవలాలు ఆక్రమించాయనీ క్రిస్టోఫ్ హుంబోర్గ్ బృందం 1997లో నేచర్ పత్రికలో రాసింది. ఆనకట్టకూ సముద్రానికీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు దగ్గరగా దూరముంది. ఆ దూరం సముద్రాన్ని కాపాడలేదు.

బంగాళాఖాతంలో నది నీటికి ఇంకో పనీ ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ పోయి కలిసేది ఇందులోనే. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి పైన పొరగా పరుచుకుంటుంది. ఆ పొర వల్ల అడుగునున్న చల్లటి నీరు పైకి రావడం కష్టం. అందుకే వానాకాలంలో అరేబియా సముద్రం చల్లబడినా బంగాళాఖాతం 28 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఆ వేడి మీదే మేఘాలు కడతాయి, అల్పపీడనాలు పుడతాయి, మళ్లీ మన మీదే కురుస్తాయి. సముద్రం పాలైందని మనం బాధపడే నీటికి వచ్చే వానలో కూడా వాటా ఉందన్నమాట.

ఇక తీరానికి వస్తే, నదీ సముద్రమూ కలిసే ఉప్పుటేళ్లలో మడ అడవులున్నాయి. కాకినాడకు దక్షిణాన కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడ కనిపిస్తాయి. పోటు దిగినప్పుడు వెళ్తే మెత్తటి నల్ల బురదలోంచి జానెడేసి పుల్లలు వేలకొద్దీ నిలబడి ఉంటాయి. అవి మడ చెట్ల శ్వాసవేర్లు. ఆ బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వేరును పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ వేర్ల మధ్యే సముద్రపు రొయ్య పిల్ల పెరుగుతుంది.

రొయ్య జీవితం విచిత్రమైనది. తల్లి రొయ్య లోతు సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల రెండు మూడు వారాల్లో ఎన్నోసార్లు రూపం మార్చుకుంటూ, పోటు నీటిని పట్టుకుని ఉప్పుటేటిలోకి వస్తుంది. రాలిన మడ ఆకులు కుళ్లిన బురదలో మేసి, పెద్ద చేపలకు చిక్కకుండా వేర్ల మధ్య దాక్కుని, కొన్ని నెలలకు పెరిగి తిరిగి సముద్రానికి వెళ్తుంది. ఈ పిల్లకు పూర్తి ఉప్పునీరూ పనికిరాదు, పూర్తి మంచినీరూ పనికిరాదు, రెండూ కలిసిన నీరు కావాలి. ఆ కలయికను ఇచ్చేది నది. గోదావరి ఏడాది ప్రవాహంలో అత్యధిక భాగం వానాకాలంలోనే వచ్చేస్తుంది. మిగతా నెలల్లో ధవళేశ్వరం దిగువకు వచ్చేది చాలా తక్కువ. అప్పుడు సముద్రం నదిలోకి పైకి పాకుతుంది.

ఎదురుగా వెళ్లే చేప సంగతి గోదావరి జిల్లాల్లో అందరికీ తెలుసు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పుట్టించిన చేప అది. సముద్రంలో ఉన్నన్నాళ్లూ దాని పేరు విలసే. వరద తెచ్చే ఎర్రనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది, కొవ్వు కరిగి రుచి మారుతుంది. యానాం, రాజమహేంద్రవరం వైపు ఒక్క చేప 20 వేల రూపాయలు దాటి పలికిన సందర్భాలున్నాయి. ఆ ధర చూసి జనం మురిసిపోతారు. నిజానికి అది కరవు ధర. దొరికే చేపలు తగ్గుతున్నకొద్దీ వేలం పాట పెరుగుతోంది.

పులస దారికి మొదటి అడ్డు ధవళేశ్వరమే. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చింది. దాని చోట తర్వాత వచ్చిన బ్యారేజీకి 175 గేట్లు. పెద్ద వరదకు గేట్లన్నీ లేపినప్పుడు కొన్ని చేపలు దాటతాయి, గేట్లు దించితే లేదు. గంగలో ఇదే చేప ఒకప్పుడు అలహాబాదు దాటి పైకి వెళ్లేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువ గంగ జాలరులకు అది చూద్దామన్నా అరుదైపోయింది.

నీటికన్నా పెద్ద నష్టం ఒండ్రుది. నీరు కనీసం వరదల్లోనైనా సముద్రం చేరుతుంది. మట్టి అలా కాదు, జలాశయంలో నీటి వేగం తగ్గగానే అడుక్కి దిగిపోతుంది, మళ్లీ లేవదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుడు కె. నాగేశ్వరరావు, సహచరులు 2010లో ప్రచురించిన లెక్కలు కలవరపెడతాయి. 1970లలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును దిగువకు తెచ్చేది. 2000 తర్వాత అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి ఇంకా దారుణం: 1960ల చివర్లో 90 లక్షల టన్నులుండేది, 2000-05 నాటికి 4 లక్షలు. ఆల్మట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి వచ్చేసరికి కృష్ణమ్మ దగ్గర సముద్రానికి ఇవ్వడానికి మట్టే మిగల్లేదు.

డెల్టా అంటే నది వేసిన మట్టికీ సముద్రం కోసుకుపోయే మట్టికీ మధ్య రోజూ జరిగే జమాఖర్చు. జమ ఆగితే ఖర్చు ఆగదు. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ వెళ్తే అది తెలుస్తుంది. అక్కడ వరుసలకు వరుసలు ఇళ్లు సముద్రంలో కలిసిపోయాయి. బీచ్ రోడ్డు ఏటా తెగుతుంది, ఏటా రాళ్లు పోస్తారు. ఇసుక నింపిన జియోట్యూబులు అడ్డం వేస్తే వాటినీ అలలు చీల్చేశాయి. ఉప్పాడ కోతకు ఒక్క ఒండ్రు కొరతే కారణం కాదు. హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె పెరిగి అలల దిశ మార్చడం, ఓడరేవు కట్టడాలు, తుపాన్లు కూడా తోడయ్యాయి. కానీ నది నుంచి ఇసుక సరిపడా వస్తుంటే తీరం ఈ దెబ్బల్ని ఇంతకన్నా తట్టుకునేది. ఇల్లు పోయినవాళ్లలో ఎక్కువమంది జాలరులు. ఎగువన గోదావరిని ఆపిన శ్రీరాంసాగర్ నీటితో వాళ్లకు ఒక్క ఎకరం తడవలేదు.

రావలసినవి తగ్గుతుంటే రాకూడనివి పెరుగుతున్నాయి. యూరియా చల్లిన ప్రతి పొలం నుంచీ కొంత నత్రజని కాలువలోకి, అక్కడి నుంచి డ్రెయిన్లోకి, చివరికి సముద్రంలోకి జారుతుంది. అది అతిగా చేరితే శైవలాలు ఒక్కసారిగా పెచ్చుపెరిగి చస్తాయి. వాటిని కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను మొత్తం లాగేస్తుంది. కదలగల చేప పారిపోతుంది, కదల్లేని ఆల్చిప్ప, పురుగు అక్కడే చస్తాయి. మిసిసిపీ నది కలిసే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ప్రతి వేసవీ ఇదే తంతు. 2017లో అక్కడి మృత మండలం 22,720 చదరపు కిలోమీటర్లు. పాత ఉభయ గోదావరి జిల్లాలు కలిపినా అంత ఉండవు. అమెరికా మొక్కజొన్న పొలాల ఎరువు దానికి ప్రధాన కారణం.

ఆక్సిజన్ పూర్తిగా అడుగంటే గీతకు బంగాళాఖాతం ఎంత దగ్గరగా ఉందో చెప్పే పరిశోధన కూడా 2017లోనే వెలువడింది. దక్షిణ డెన్మార్క్ విశ్వవిద్యాలయం, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ కలిసి చేశాయి. బంగాళాఖాతంలో వంద మీటర్ల లోతు దాటాక చాలా మందాన ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉంది. దాదాపు అనే మాట ఇక్కడ కీలకం. మామూలు పరికరాలకు అందనంత స్వల్పంగా, నానోమోలార్ స్థాయిలో ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉందని ఆ బృందం కనిపెట్టింది. అరేబియా సముద్రపు అలాంటి పొరలో అదీ లేదు కాబట్టి అక్కడి బాక్టీరియా నైట్రేట్‌ను విడగొట్టి నత్రజని వాయువుగా గాల్లోకి వదిలేస్తుంది, అంటే సముద్రం తన పోషకాన్నే పోగొట్టుకుంటుంది. బంగాళాఖాతంలో ఆ కొసరు ఆక్సిజనే దాన్ని ఆపుతోంది. ఒడ్డు నుంచి పోషకాలు పెరిగి, నీరు ఇంకా వేడెక్కితే ఆ కొసరు కూడా హరించుకుపోవచ్చు. ఇంత పెద్ద సముద్రపు రసాయన స్థితి ఇంత సన్నటి దారం మీద నిలిచి ఉందంటే ఎరువు బస్తా విప్పేటప్పుడు ఆలోచించాలి, ఆ బస్తా మీద సబ్సిడీ ఇచ్చేవాళ్లు మరీ ఆలోచించాలి.

రొయ్యల చెరువుల సంగతి ఎత్తకుండా ఈ తీరం కథ పూర్తికాదు. దేశంలో సాగు రొయ్య ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య డబ్బు కురిపించింది. ఉప్పునేలలు, మడ అంచులు, చివరికి వరిచేలు కూడా చెరువులయ్యాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టింది. తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల సాగును అడ్డుకుంటూ 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ నాటి గందరగోళానికి సమాధానం. తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది, 2009లో పసిఫిక్ తీరపు వనామీ రొయ్యకు అనుమతి దొరికింది, సాగు మళ్లీ ఊపందుకుంది. మిగిలిపోయిన మేత, రొయ్యల విసర్జన కలిసిన చెరువు నీరు పట్టుబడి తర్వాత డ్రెయిన్లలోకే వెళ్తుంది.

ఆ మేతలో చేపల పిండి ఉంటుంది. అది సముద్రం నుంచే వస్తుంది. మరబోటు ట్రాల్ వలలో పడే చిన్నాచితకా చేప, పెద్ద చేపల పిల్లలు, అమ్ముకోవడానికి ఆనని జాతులన్నిటినీ చెత్త చేప కింద కట్టి మిల్లుకు పంపుతారు. చెరువులు సముద్రం మీద భారం తగ్గిస్తాయని చెప్పే మాటలో కొంత నిజముంది, కానీ ఈ భాగం వదిలేసి చెబుతారు. రేపు బుట్టెడు బరువయ్యే చేపను ఇవాళ పిడికెడు పిండి చేస్తే జాలరికి మిగిలేదేమిటి?

ట్రాల్ వల సముద్రపు అడుగును తాకుతూ రెండు మూడు గంటలు సాగుతుంది. వల నోరు తెరిచి ఉంచే బరువైన పలకలు బురదను దున్నుకుంటూ పోతాయి. దారిలో ఉన్న పురుగు, గవ్వ, పీత, రొయ్య, చేప అన్నీ వెనకనున్న సంచిలోకి చేరతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు అదే దారిలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఉంటాయి. అవి చేపలు కావు, పైకి వచ్చి గాలి పీల్చాలి. వలలో చిక్కి పెనుగులాడే తాబేలు అంతసేపు ఊపిరి బిగబట్టలేదు. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరాల్లో వెయ్యికి పైగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కూడా ఆ కాలంలో చచ్చిన తాబేలు కనపడని ఏడాది ఉండదు.

ఆలివ్ రిడ్లీ నదీ ముఖాలను వెతుక్కుంటూ వస్తుంది. ఒడిశాలో అవి లక్షల్లో గుడ్లు పెట్టే చోట్లలో రెండింటికి ఋషికుల్య, దేవి నదుల పేర్లే ఉన్నాయి. మన దగ్గర హోప్ ఐలాండ్, సఖినేటిపల్లి, నాగాయలంక తీరాలు అలాంటివే. కావలసింది నది తెచ్చిన మెత్తటి ఇసుక. తల్లి రాత్రిపూట పైకి పాకి, వెనక కాళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా వాడి మూరెడు లోతు గుంత తవ్వుతుంది. నూటికి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, శరీరాన్ని అటూఇటూ ఊపుతూ పొట్టతో దరువు వేసినట్టు అదిమి వెళ్లిపోతుంది. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలొస్తాయి. ఇసుక వేడే వాటి లింగాన్ని నిర్ణయిస్తుంది: వేడి పెరిగితే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. తీరం కోతకు గురైతే గుంత తవ్వే చోటే పోతుంది, భూమి వేడెక్కితే మగ తాబేళ్లు కరవవుతాయి.

వలలో చావుకు మాత్రం మందు ఎప్పుడో కనిపెట్టారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రపు రొయ్యల జాలరి సింకీ బూన్ తన వలలో జెల్లీచేపలు నిండిపోతుంటే విసిగి, వల గొంతులో వాలుగా ఒక ఇనుప జల్లెడ అమర్చాడు. రొయ్యలు కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, పెద్దది ఏదైనా జల్లెడకు తగిలి పైనో కిందనో ఉన్న కన్నంలోంచి బయటపడుతుంది. తాబేలుకూ అదే పనిచేసింది. అమెరికా తన పడవలకు దాన్ని తప్పనిసరి చేసి, 1989 నాటి చట్టంతో ఇతర దేశాల రొయ్యలకూ అదే షరతు పెట్టింది. భారత్, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ దీనిపై ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998లో వచ్చిన తుది తీర్పు అమెరికా షరతు అమలు చేసిన తీరును తప్పుపట్టింది కానీ, తాబేళ్ల కోసం అలాంటి షరతు పెట్టవచ్చని ఒప్పుకుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన నమూనా తయారు చేసింది. అయినా మన మరబోట్లలో అది కట్టినవి తక్కువ. అందుకే సముద్రంలో పట్టిన భారతీయ రొయ్యకు అమెరికా 2019 నుంచి తలుపు మూసింది. చెరువు రొయ్యకు ఆ నిషేధం లేదు.

బోటు యజమానుల అభ్యంతరం ఒట్టి మొండితనం కాదు. ఆ కన్నంలోంచి తాబేలుతో పాటు మంచి ధర పలికే పెద్ద చేప కూడా జారిపోతుంది. ట్రిప్పుకు ఇంత డీజిల్ పోసి వెళ్లినవాడికి ఆ నష్టం కళ్లెదుట కనబడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తోంది, 2025లో అది 20 వేల రూపాయలైంది. జల్లెడ కట్టిన వలకు కూడా అలాంటి తోడ్పాటు ఇస్తే అమలు సులువవుతుంది. దాంతో పాటు తీరం నుంచి 8 కిలోమీటర్లలోపు మరబోట్లు రాకూడదన్న నిబంధనను గట్టిగా పాటింపజేస్తే, తాబేళ్లూ నాటు పడవల జాలరులూ ఇద్దరూ బతుకుతారు.

చేయగలిగినవి చేసి చూపిన చోట్లు కూడా ఇక్కడే ఉన్నాయి. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో చచ్చిపోయిన మేరలను పరిశీలించారు. చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటు నీరు వచ్చి నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుంటోందని తేలింది. అక్కడ ఊరికే మొక్కలు నాటితే బతకవు. కాబట్టి ముందు ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వారు. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకు నీరొచ్చి ఆటుకు వెళ్లిపోవడం మొదలయ్యాక ఉప్పు దిగింది, నాటిన మొక్క నిలబడింది. మడ మందం ఎంత విలువైనదో 1999 ఒడిశా పెనుతుపానులో తేలింది. సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్న కేంద్రపడా గ్రామాల్లో చావులు తక్కువని సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో లెక్కలతో చూపారు.

నదికి అడ్డు తీస్తే సముద్రం ఎంత త్వరగా కోలుకుంటుందో అమెరికాలోని ఎల్వా నది చెప్పింది. దాని మీదున్న రెండు ఆనకట్టలను 2011-14 మధ్య కూల్చేశారు. వందేళ్లుగా వెనక పోగుపడిన మట్టి ప్రవాహంతో కదిలి సముద్రంలో పడింది. కోసుకుపోతున్న నదీ ముఖం దగ్గర కొత్త ఇసుక తీరం లేచింది, సాల్మన్ చేపలు పైకి వెళ్లాయి.

గోదావరి మీద అది కుదరదు. ధవళేశ్వరం లేకపోతే కోనసీమ అన్నం లేదు. అయితే ఆనకట్ట ఉండగానే నడపడంలో తేడా చూపొచ్చు: వరద మొదట్లో అడుగు తూముల గుండా ఒండ్రు నీటిని వదలడం, వేసవిలో ఉప్పుటేళ్లకు కొంత నీరు ఇవ్వడం లాంటివి. గంగకు దేవప్రయాగ నుంచి ఉన్నావ్ వరకు ఏ నెలలో ఎంత నీరు వదలాలో కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. గోదావరికి కూడా అలాంటిది అడగాలి. అందులో సముద్రం వాటాను టీఎంసీల్లో రాయాలి.

పోలవరం స్పిల్‌వేలో పులస కోసం చేపల నిచ్చెన కట్టారు. కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధనా సంస్థ సలహాతో, చేప మెట్టుమెట్టుగా ఎగబాకేలా మూడు ఎత్తుల్లో అమర్చిన నిర్మాణం అది. మంచి పనే, కానీ పులస పోలవరం చేరాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి. అక్కడి 175 గేట్లలో కొన్నింటినైనా ఎర్రనీటి కాలంలో చేప వెళ్లేటంత సేపు తెరిచి ఉంచితే చాలు. ఫరక్కాలో కొత్త లాకు గేట్లను అదే చేప కోసం రాత్రివేళ తెరిచే ఏర్పాటుకు ప్రణాళిక వేశారు. ధవళేశ్వరం గేట్ల నిర్వహణ పట్టికలో ఇప్పుడు కాలువల అవసరం, వరద మట్టం, తాగునీరు ఉన్నాయి. పులసకు ఒక గడి చేర్చడానికి కొత్త ఆనకట్టేమీ అక్కర్లేదు, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు.